నీళ్ళోసుకున్న కబురు

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు సిటీబస్సులో కండక్టరు. రిటైరై నాలుగేళ్ళయినా ఆ పేరు పోలేదు, మెడలో విజిలూ పోలేదు. నాలుగంతస్తులు, పన్నెండు ఫ్లాట్లున్న ఆ భవనంలో ఎదురుపడితే అందరికీ కండక్టరుగారు, వెనక మాత్రం విజిలుగారు. నీళ్ళ సంఘానికి కార్యదర్శిని ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన తప్ప ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరికీ అక్కర్లేని పదవికి ఏకగ్రీవం అని పేరు పెట్టి ఆయనకి కట్టబెట్టారు.

కట్టబెట్టిన రోజునుంచీ ఆయన భవనాన్ని బస్సులా నడిపాడు. మెట్ల పక్కన గోడకి ఒక నల్లబల్ల తగిలించి రోజూ సుద్దతో హుకుములు రాసేవాడు. ‘గిన్నెలు తోమునపుడు కుళాయి కట్టవలెను.’ ‘బండ్లు పైపుతో కడుగరాదు.’ రాసిన గంటలో వాటికింద ఎర్రసుద్దతో తప్పులు దిద్దబడి ఉండేవి. ఆ ఎర్రసుద్ద రెండో అంతస్తు పంతులమ్మది. ఆవిడ బళ్ళో తెలుగు చెప్పి రిటైరయింది. పిల్లలు చేతికి దొరకడం మానేశాక గోడల మీద పడింది.

కండక్టరుకి తప్పొప్పులతో పేచీ లేదు. ఆయన బెంగంతా బోరు మీదే. మూడు నెలలుగా అది క్షయరోగిలా దగ్గుతోంది. పది నిమిషాలు నీళ్ళు, రెండు నిమిషాలు గాలి, చివర్లో ఇంత ఎర్రబురద. బోరు మెకానిక్కు వచ్చి తాడు దించి చూసి పెదవి విరిచాడు.

“ఈ వానలకైనా భూమిలోకి నీళ్ళు దింపారా, బతుకుతుంది. లేదంటే దీనికిక నీళ్ళొదులుకోండి” అన్నాడు.

దింపడానికి మార్గం ఉంది. డాబా మీద పడ్డ వానంతా పైపులో దిగి, ఆవరణ దాటి, గేటు కిందనుంచి వీధి కాలవలో కలిసి ఊరొదిలి పోతోంది. నాలుగు నెలలు వాన నీళ్ళని మురిక్కాలవకి అప్పజెప్పి, ఎనిమిది నెలలు ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని దేబిరించడం – దీన్ని నగరజీవితం అంటున్నారు. ఆ పోయేదాన్ని అడ్డుకుని భూమికి తాగించాలంటే బోరు పక్కన ఒక ఇంకుడు గుంత తవ్వాలి. అడుగున బండరాళ్ళు, వాటి మీద కంకర, పైన ఇసుక. అంతే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, చోటు కావాలి.

ఆ చోటు పంతులమ్మది. ఆవరణలో అన్నిటికన్నా పల్లం, బోరుకి రెండు బారల దూరం. కానీ అక్కడ ఆవిడ కారు ఉంది. మూడేళ్ళుగా కదల్లేదు. టైర్లలో గాలి లేదు, బ్యాటరీలో ప్రాణం లేదు, చేతిబ్రేకు ఎప్పుడో తెగింది. దాని ముసుగు మాత్రం ప్రతి ఆదివారం ఉతుకుతారు.

గుంతల మేస్త్రి శనివారం తప్ప ఖాళీ లేదన్నాడు. సోమవారం నుంచి వానలని రేడియో చెబుతోంది. ఆ శనివారం దాటితే గుంత మళ్ళీ ఏడాదికే, అప్పటికి బోరు ఉండదు. కాబట్టి గురువారం సాయంత్రం కండక్టరు అహం చంపుకుని రెండో అంతస్తు తలుపు కొట్టాడు.

“పంతులమ్మగారూ, మీ కారు కాస్త జరపాలండీ. ఈ కాగితం మీద ఒక సంతకం పెడితే గేటు పక్కన చోటిస్తాం.”

“గేటు పక్కన ఎండ. కారు రంగు వెలిసిపోతుంది.”

“నడవని కారుకి రంగెందుకండీ?”

“నడవని బస్సుకి విజిలెందుకండీ?” అని తలుపేసింది.

కండక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. దిగి వచ్చి కిటికీ పక్కన మంచం మీద కూలబడ్డాడు. ఆయన ఉండేది కింది ఫ్లాటు. పై అంతస్తుల స్నానాల గదుల పైపులన్నీ ఆయన కిటికీని రాసుకుంటూనే దిగుతాయి. ఏ పైపు ఎప్పుడు గుడగుడలాడిందో, ఎంతసేపు ఆడిందో ఆయనకి కంఠతా వచ్చు. అప్పుడే రెండో అంతస్తు పైపు మోగింది. పంతులమ్మ కోడలు డ్యూటీనుంచి వచ్చిందన్నమాట. ఆ అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో రక్తాలు, మూత్రాలు పరీక్ష చేస్తుంది. పొద్దున వెళ్ళేముందు ఒక స్నానం, వచ్చాక ఒక స్నానం.

“అత్తకి కారు కదపడానికి ఒళ్ళు బరువు, కోడలికి రోజుకి రెండు జలకాలు!” అంటూ లేచి సుద్దముక్క అందుకున్నాడు. బల్ల మీద ఇలా రాశాడు: ‘రెండవ అంతస్తు కోడలు నీళ్ళోసుకుంది. అందరూ గమనించగలరు.’ ‘రోజుకి రెండుసార్లు’ అని కూడా రాయబోయేసరికి సుద్ద అరిగిపోయి గోరు బల్లకి గీసుకుంది. ఉన్నది చాల్లే అనుకుని వచ్చి పడుకున్నాడు.

ఆయన ఇంట్లో స్నానానికి ఆ మాటే. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన నీళ్ళోసుకున్నాడే గానీ స్నానం చేసి ఎరగడు. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆయనకీ తెలుసు. కోపంలో ఉన్నవాడికి ఒక్క అర్థం గుర్తుండటమే గొప్ప.

శుక్రవారం పొద్దున కోడలు డ్యూటీకి వెళ్ళిపోయాక పంతులమ్మ ఎర్రసుద్దతో దిగింది. ‘నీళ్ళోసుకుంది’ కొట్టేసి, పైన ‘నీళ్ళు పో’ దాకా రాసి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. సుద్ద చేతిలోంచి జారి రెండు ముక్కలయింది. మరుక్షణం కండక్టరు తలుపు దగ్గరుంది.

“అన్నయ్యగారూ!”

ఆవిడ నోట అన్నయ్య అన్న మాట విని కండక్టరు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

“మీకెవరు చెప్పారండీ? అది చెప్పిందా?”

“ఒకళ్ళు చెప్పేదేముందండీ? వింటూనే ఉన్నాగా. పైపు నా కిటికీ పక్కనే. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి, పదిరోజులుగా చూస్తున్నా.”

“వాంతులు!” అంది పంతులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని. “పొద్దునా సాయంత్రమూ! పిచ్చి మొద్దు, నాకు వినపడకుండా కుళాయి తిప్పుకుని కక్కుకుంటోంది కాబోలు. ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీలేదు, కింద ఉన్న మీకు తెలిసింది. అయిదేళ్ళనుంచి ఎదురుచూస్తున్నానన్నయ్యగారూ!”

కండక్టరు బుర్రలో ఏదో గేరు పడ్డట్టయింది. ఆయన నోరు తెరిచాడు.

“ఆ కాగితం ఏదీ? కారు జరపడానికి సంతకం పెట్టమన్నారుగా, ఇలా తెండి. పుట్టే పిల్లకి పొయ్యడానికైనా నీళ్ళుండాలా వద్దా?”

తెరిచిన నోరు మూసుకున్నాడు. కాగితం తెచ్చాడు. ఆవిడ గుండ్రటి అక్షరాలతో సంతకం పెడుతున్నంతసేపూ నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో టిక్కెట్టు కొట్టకుండా ఒక్కణ్ణీ ఎక్కించుకోని మనిషి. ఆ సంతకం మాత్రం టిక్కెట్టు లేకుండానే బండెక్కింది.

మధ్యాహ్నానికి కబురు పన్నెండు ఫ్లాట్లూ తిరిగింది. ఇక చూడాలి చోద్యం! మూడు నెలలు బల్ల నిండా రాసినా వినని జనం ఒక్కపూటలో మారిపోయారు. రోజూ స్కూటరుకి తలంటు పోసే నాలుగో అంతస్తు ఎల్లైసీ ఏజెంటు తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. మొదటి అంతస్తు బామ్మ కూరలు కడిగిన నీళ్ళు తీసి మొక్కలకి పోసింది. “వట్టి మనిషి కాదు కదా, ఆ పిల్లకి నీళ్ళకి లోటు రాకూడదు” అని అందరి నోటా అదే మాట. సాయంత్రానికి పైన ట్యాంకులో సగం నీళ్ళు మిగిలాయి. కండక్టరు డాబా ఎక్కి స్వయంగా మూత తీసి చూసుకున్నాడు. నిజం చెప్పినన్నాళ్ళూ అడుగంటిన ట్యాంకు అబద్ధానికి సగం మిగిలితే ఎవరు మాత్రం నోరు విప్పుతారు?

సాయంత్రం కోడలు వచ్చింది. గేటు దగ్గర ఇస్త్రీ మనిషి “శుభం తల్లీ” అన్నాడు. మెట్ల దగ్గర బామ్మ ఒక బకెట్టు నీళ్ళు అడ్డం పెట్టి “నా వాటాలోవి, నువ్వు వాడుకో” అంది. ఇంట్లో అత్తగారు భుజాన ఉన్న సంచీ లాక్కుని కుర్చీ వేసింది. మొగుడు గుమ్మంలో వెర్రినవ్వుతో నిలబడి “నాకొక్కడికే చెప్పలేదేంటి?” అన్నాడు.

“నాకే తెలీదు!” అంది.

అది చెప్పేకొద్దీ అత్తగారు “సిగ్గులే, సిగ్గులే” అని మురిసిపోయింది. పదినిమిషాల్లో ఆ అమ్మాయి కండక్టరు ఇంట్లో ఉంది.

“బాబాయిగారూ! ఆ పరీక్ష రోజుకి పాతికమందికి చేసేదాన్ని నేను. నాది మీరు సుద్దముక్కతో చేసేశారా?”

“అమ్మా, నేను రాసింది స్నానం గురించి. అర్థం పక్కకి...”

“స్నానం గురించా! అంటే పైపుకి చెవి ఆనించి నా స్నానాలు లెక్కపెడుతున్నారా? ఇంకా బాగుంది! ఊరందరి రక్తం ముట్టుకుని వచ్చి ఒళ్ళు కడుక్కోకుండా అన్నం తినమంటారా?”

వంటగదిలోంచి కండక్టరు భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ మాట్లాడటమే తక్కువ, మాట్లాడితే ఒకటే గాటు.

“పిల్లవి రెండు బకెట్లు వినపడ్డాయి. మీ మోటారు వినపడలేదా?”

“నా మోటారేమయింది?”

“పొద్దున్నే సంపులోంచి పైకి మోటారేసి నడకకి పోతారు. ఆరింటికల్లా ట్యాంకు నిండుతుంది. మీరొచ్చేది ఆరుంపావుకి. పావుగంట సేపు పొర్లి వెనక గోడ మీంచి కారుతుంది. బకెట్లు పెట్టి పట్టి చూశాను, పదిహేను. రోజుకి పదిహేను బకెట్లు.”

“మరి చెప్పలేదేం?”

“చెప్పబోతే విజిలేశారు.”

ఇదీ సంగతి. నీళ్ళ కరువు రాగానే మొదట కనపడేది ఆడదాని చెంబుడు నీళ్ళు. మగాడి మోటారు ఎవడికీ కనపడదు, అది కార్యదర్శిగారి మోటారైతే అసలే కనపడదు. కండక్టరు తలొంచుకున్నాడు. అయినా గుంత మీద ఆశ చావలేదు.

“తప్పే తల్లీ. చెంపలేసుకుంటా. కానీ రేపొక్కరోజు ఆగమ్మా. గుంత పూర్తవగానే నేనే చెప్పేస్తా. ఇప్పుడు చెబితే మీ అత్తగారు కారు కదపనివ్వదు. బోరు పోతుంది, పన్నెండు కొంపలు ఎండిపోతాయి.”

“అంటే గుంత తవ్వినంతసేపూ నేను కడుపుతో ఉండాలా?” అంది కోడలు. “మూడడుగులకి మూడో నెలా, తొమ్మిదడుగులకి తొమ్మిదో నెలా? అక్కడ మా అత్తయ్య నవ్వుతూ నవ్వుతూ ఏడుస్తోంది బాబాయిగారూ. ఈ రాత్రి దాటి ఆవిడ్ని ఒక్క గంట ఎక్కువ నమ్మించినా పాపమే. అందరి ముందూ రాశారు, రేపు అందరి ముందూ మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతా. నేను చెబితే మీ పరువుండదు.”

శనివారం పొద్దున మేస్త్రి ఇద్దరు మనుషులతో, గడ్డపారలతో దిగాడు. కారు టైర్లకి గాలి కొట్టారు. పల్లంలోంచి గేటు దాకా ఎత్తు మీదికి తొయ్యాలి. ఎనిమిదిమంది చేరారు. కోడలు కూడా చెయ్యి వెయ్యబోతే పంతులమ్మ కెవ్వుమంది. “నువ్వు తొయ్యకే తల్లీ! ఇలా నీడలో కూచో!” అని కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కోడలు కూర్చుని కండక్టరు వైపే చూస్తోంది.

కండక్టరు ఒక లెక్క వేసుకున్నాడు. కారు ఎత్తెక్కాక, మేస్త్రి గడ్డపార ఒక్క దెబ్బ వేశాక అప్పుడు చెబుదాం. అది కూడా అందరి ముందూ చెప్పినట్టే కదా. భుజం ఆనించి “రైట్, రైట్!” అని కేకేశాడు. కారు మూలిగింది, కదిలింది. ఎత్తు సగం ఎక్కింది. ఎనిమిదిమంది ముందుకు తోస్తున్నారు గానీ ఆ పిల్ల చూపొక్కటే ఆయన్ని వెనక్కి తోస్తోంది. పక్కనే పంతులమ్మ “జాగ్రత్తగా తొయ్యండి నాయనా, నా మనవరాలికి మీరంతా మేనమామలే!” అంటోంది.

ఆ మాటతో ఆయన పట్టు జారింది.

“హోల్డాన్!” అని అరిచాడు.

అందరూ ఆగిపోయారు. కారూ ఆగింది, అంటే ఎనిమిదిమంది భుజాల మీద ఆగింది. చేతిబ్రేకు లేదు కదా.

“పంతులమ్మగారూ,” అన్నాడు కండక్టరు బంపరుకి దవడ ఆనించి, “మీ కోడలు నీళ్ళోసుకోలేదండి. అంటే నీళ్ళోసుకుంది గానీ, ఆ నీళ్ళోసుకోవడం కాదు. ఒళ్ళు కడుక్కుంది. రోజుకి రెండుసార్లు కడుక్కుంటోందని ఒళ్ళుమండి రాశాను. మీరు వేరేలా అనుకున్నారు. అనుకున్నారని తెలిసీ సంతకం పెట్టించుకున్నాను. ఆ పిల్లకీ తెలీదు, దాని తప్పేం లేదు.”

ఎవరూ ఊపిరి తియ్యలేదు. తీస్తే కారు జారుతుంది.

పంతులమ్మ మొహం మెల్లగా వాడింది. “మీరు రాసిన వాక్యంలో క్రియ ఏది?” అంది, గొంతు పలచగా.

“ఆఁ?”

“క్రియ. ఏ అర్థంలో వాడారు?”

“స్నానం అర్థంలోనండి.”

“అమ్మా, అర్థాలు తరవాత,” అన్నాడు మేస్త్రి ఎర్రబడిన మొహంతో, “బండి జారుతోంది.”

“స్నానమైతే స్నానం అని ఏడవాలి!” అంది పంతులమ్మ. “ఆడపిల్ల గురించి బజారు గోడ మీద నీళ్ళోసుకుంది అని రాస్తారా? మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. అది ఈపాటికి చుట్టాలందరికీ చెప్పేసుంటుంది. రాత్రంతా పేర్లు అనుకున్నాను. పదకొండు పేర్లు.” కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక గొంతు గట్టిపడింది. “వదిలెయ్యండి కారుని. దాని చోటికి అదే పోతుంది.”

“పంతులమ్మగారూ, బోరు...”

“వదిలెయ్యమన్నానా!”

ఏజెంటు అప్పుడే భుజం సడలించాడు. కారు ఒక జానెడు వెనక్కి జారింది. కండక్టరు చెప్పులు మట్టిలో గీసుకుపోయాయి.

“అత్తయ్యా,” అంది కోడలు కుర్చీలోంచి లేచి. పెద్దగా అరవలేదు. “పుట్టని పిల్లకైతే కారు తీస్తారు. పుట్టి ఇరవై తొమ్మిదేళ్ళయిన నాకు తియ్యరా?”

పంతులమ్మ తిరిగి చూసింది.

“మొన్న మంగళవారం డ్యూటీనుంచి వస్తే కుళాయిలో బురదొచ్చింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని పడుకున్నాను. ఆ రోజు కోడలికి నీళ్ళున్నాయా అని ఎవరూ అడగలేదు, కుర్చీ వెయ్యలేదు. మీరూ అంతే, ముక్కాలిపీట మీద కూర్చుని రెండు చెంబులతో సరిపెట్టుకున్నారు, నేను చూశాను. మనిద్దరం మనుషులం కామా? నీళ్ళు రావాలంటే మన కడుపులో ఇంకోళ్ళుండాలా?”

“అమ్మగోరూ,” అన్నాడు మేస్త్రి ఏడుపు గొంతుతో, “ఏదో ఒకటి తేల్చండి. నా నడుం ఎటు తిరిగిందో నాకే తెలీటంలేదు.”

పంతులమ్మ కోడల్ని చూసింది. కారుని చూసింది. మూడేళ్ళుగా దాని ముసుగుకి ఆదివారానికి రెండు బకెట్లు. ఆ లెక్క ఆవిడకి అప్పుడు తట్టిందో లేదో గాని, చీర చెంగు నడుముకి బిగించి వచ్చి కండక్టరుని మోచేత్తో పక్కకి నెట్టి బంపరు మీద చెయ్యేసింది.

“బొమ్మల్లా నిలబడ్డారేం? తొయ్యడం సకర్మక క్రియ! కర్మ ఎదురుగానే ఉంది, తొయ్యండి!”

“మా కర్మే అది” అని ఏజెంటు గొణుక్కుంటూ భుజం ఆనించాడు. కోడలు రెండో పక్క చెయ్యి వేసింది. ఈసారి ఎవరూ వద్దనలేదు. కారు ఎత్తెక్కి గేటు పక్క ఎండలో నిలబడింది.

పంతులమ్మ శిక్షలు వెంటనే వేసింది. కండక్టరు మంచం కిటికీ దగ్గర్నుంచి ఎదుటి గోడకి మారాలి. మోటారు స్విచ్చు ఆయన భార్య చేతికి పోవాలి. మొదటి మూడడుగులు ఆయనే తవ్వాలి. ఒక్కడుగు తవ్వేసరికి ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి, మేస్త్రి జాలిపడి గడ్డపార లాక్కున్నాడు. చీకటిపడేసరికి గుంత తొమ్మిదడుగులు దిగింది. అడుగున బండరాళ్ళు పరిచారు, డాబా పైపు తిప్పి గుంతలోకి పెట్టారు. కంకర, ఇసుక గేటు బయట కుప్పలు పోసి, సోమవారం పొద్దున్నే వచ్చి నింపుతానని మేస్త్రి వెళ్ళిపోయాడు.

వాన మేస్త్రికోసం ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికే మబ్బు విరుచుకుపడింది. కండక్టరు కిటికీలోంచి చూసి బిక్కచచ్చిపోయాడు. కంకరా ఇసుకా లేకుండా బురదనీళ్ళు దిగితే రాళ్ళ సందులన్నీ పూడుకుపోతాయి. గుంత అక్కరకు రాకుండానే చస్తుంది.

ఆయన వానలో బయటికి పరిగెత్తి కుప్పలోంచి దోసిళ్ళతో కంకర ఎత్తబోయాడు. పైనుంచి పంతులమ్మ చూసింది.

“దోసిలితో ఏమిటండీ, ఆగండి!”

మెట్లమీద దబదబా అడుగులు. స్నానాల గదుల్లోని బకెట్లన్నీ దిగొచ్చాయి. నీలం, ఎరుపు, చెవి విరిగినవీ, అడుగు అతుకేసినవీ. గేటునుంచి గుంత దాకా వరస కట్టారు. ఏజెంటు పారతో నింపుతున్నాడు, బామ్మ గొడుగు కింద నిలబడి ఖాళీవి వెనక్కి పంపుతోంది, పంతులమ్మ కొడుకు మోకాలిదాకా మట్టిలో దిగబడి నవ్వుతున్నాడు. కంకర అయింది, ఇసుక మొదలయింది. పైన పైపులో వాన హోరెత్తుతోంది.

“త్వరగా అందించమ్మా, నీళ్ళొచ్చేస్తున్నాయి!” అని అరిచాడు కండక్టరు గుంత ఒడ్డున, మొహం మీంచి ధారలు కారుతుండగా.

“రానివ్వండి బాబాయిగారూ, దానికేగా ఇంత గోల!” అంది కోడలు, ఇసుక బకెట్టు ఆయన చేతుల్లో పడేస్తూ. “చెయ్యి చాపండి, ఇంకోటొస్తోంది!”